చూసేదాకా పడని ఎలుగుబంటి

ఆసుపత్రి కింది అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక, తలుపు నిండా తెల్లటి వేలిముద్రలున్న గది ఒకటుంది. ఆ ముద్రలు ఆకతాయిల పని కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా పిండి చేతులతో అదే తలుపు తోసుకుంటూ లోపలికీ బయటికీ తిరిగిన ఒకే మనిషివి. ఎన్నిసార్లు తుడిచినా మర్నాటికి మళ్ళీ పడుతున్నాయని ఆయా కూడా వాటి జోలికి పోవడం మానేసింది. పైగా కొత్తగా వచ్చినవాళ్ళకి దారి చెప్పడానికి అవే పనికొస్తున్నాయంటుంది. "నేరుగా వెళ్ళండి, తెల్లచేతుల తలుపు కనిపిస్తుంది, అదే."

ఆయన్ని అందరూ కట్టు మాస్టారు అంటారు. విరిగిన ఎముకని సరిచేసేది డాక్టరమ్మ. సరిచేసింది సరిచేసినట్టే ఉండేలా పిండికట్టు వేసేది మాస్టారు. ముందు దూది చుట్టాలి. దాని మీద, గోరువెచ్చని నీళ్ళలో నానిన పిండిగుడ్డ. బకెట్లో వేశాక బుడగలు ఆగేదాకా ఆగి, రెండు కొసలూ పట్టుకుని మెల్లగా పిండి, వదులూ బిగువూ కాకుండా చుట్టుకుంటూ పోవాలి. చుట్టాక అరచేతులతో నిమురుతూ పట్టుకోవాలి. వేళ్ళతో పట్టుకుంటే గుంటలు పడతాయి, ఆ గుంట లోపల చర్మాన్ని నొక్కి పుండు చేస్తుంది. అలా ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ రోగి కదలకూడదు.

కట్టు మొదలుపెట్టే ముందు మాస్టారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాడు. "చుట్టేవాణ్ణే నేను, అతికించేది నువ్వు" అని లోపల దేవుడితో అనుకుంటాడు. అయిపోయాక రోగిని గుమ్మందాకా సాగనంపి ఒకటే మాట చెబుతాడు. "కింద చూసి నడవండి." చిటికెన వేలు విరిగినవాడికైనా అదే మాట. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన చూసిన విరుగుళ్ళలో సగం కింద చూడకపోవడం వల్ల వచ్చినవేనని ఆయన లెక్క.

ఆ గదిలోకి టీవీ వచ్చిందంటే ఒక లారీ డ్రైవరు పుణ్యమే. కూతురి చెయ్యి వంకర లేకుండా అతికిందన్న సంతోషంలో, వద్దు వద్దంటున్నా వినకుండా, తన ఇంట్లో పాతబడిన టీవీని తానే మోసుకొచ్చి, తానే గోడకి మేకులు కొట్టి బిగించిపోయాడు. "పిల్లలు భయపడకుండా ఉంటారు మాస్టారూ" అన్నాడు. దానికో పెన్‌డ్రైవు కూడా గుచ్చి వెళ్ళాడు. అందులో ఉన్నవి పాతకాలపు కార్టూన్లు, ఒక లావుపాటి ఎలుగుబంటి, ఒక ఉడుత. ఎలుగుబంటికి తేనెకుండ కావాలి, ఉడుత దాన్ని దక్కనివ్వదు. అంతే కథ. అందులో మాటలుండవు, దబదబలాడే వాయిద్యాలు మాత్రం ఉంటాయి.

మొదటి రోజు మాస్టారు కాసేపు నిలబడి చూశాడు. ఎలుగుబంటి నెత్తి మీద దూలం పడింది. అది నేలకి అతుక్కుపోయి అప్పడంలా పలచబడింది. మంచం మీద ఉన్న పిల్లాడు, సొంత మోకాలు విరగ్గొట్టుకుని వచ్చినవాడు, కిసకిసా నవ్వాడు. వాడి తల్లి నవ్వింది. ఆఖరికి ఆయా కూడా చీపురు పట్టుకుని నవ్వింది.

మాస్టారు ఆయా వైపు తిరిగాడు.

"ఎందుకే నవ్వుతున్నావు?" అని ఆయాని అడిగాడు.

"నవ్వొచ్చింది మాస్టారూ."

"అదే, ఎందుకొచ్చింది?"

ఆయా చీపురు గోడకి ఆనించింది. "ఏమో మరి. మీకు రాలేదా?"

రాలేదు. ఆయనకి దూలం కనిపించింది, మెడ కనిపించింది, మెడ ఎముకలు ఏడూ వరుసగా కనిపించాయి. ఇంత నొప్పి ఉన్న గదిలో, ఇంకో ప్రాణికి నొప్పి కలిగితే నవ్వడమేమిటి? ఈ నవ్వు పాపమా కాదా అని ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఆ పిల్లాడి ముఖం చూస్తే అందులో ఎక్కడా పాపం కనిపించలేదు. అది ఆయన్ని ఇంకా తికమక పెట్టింది.

మర్నాడు ఆయన టీవీ కట్టేశాడు. ఆ రోజు సైకిలు మీంచి పడి ముంజెయ్యి విరిగిన ఎనిమిదేళ్ళ పిల్ల వచ్చింది. కట్టు సగంలో ఉండగా వెక్కి వెక్కి ఏడ్చి, భుజం ఎగరేసింది. తడి కట్టు మోచేతి దగ్గర ముడతపడింది. మొత్తం కోసి తీసేసి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. రెండోసారి చేయి చాచమంటే పిల్ల ససేమిరా అంది.

"పోనీ టీవీ పెట్టండి మాస్టారూ, ఎలుగుబంటి ఏం చేసింది మిమ్మల్ని?" అంది ఆయా.

చేసేదేం లేక పెట్టాడు. ఎలుగుబంటి బల్లచెక్క మీద పరిగెడుతోంది, చెక్క అయిపోయింది, అయినా గాల్లో పరిగెడుతూనే ఉంది. పిల్ల ఊపిరి బిగబట్టింది. చేయి రాయిలా నిలిచింది. మాస్టారి అరచేతుల కింద తడి పిండి మెల్లగా వేడెక్కి గట్టిపడింది. అంత చక్కని కట్టు ఆ వారంలో పడలేదు.

"పాపం కదమ్మా అది? అంత ఎత్తునుంచి పడింది" అన్నాడు, చేతులు కడుక్కుంటూ.

"మళ్ళీ లేస్తుందిగా తాతయ్యా."

"దానికి ఎముకల్లేవు కాబట్టి లేస్తుంది."

పిల్ల తన తెల్లటి కట్టు వైపు చూసుకుంది. "నాకు ఎముకలున్నాయి. నేనూ లేచాను."

మాస్టారు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఈ మాటకి జవాబు ఉండే ఉంటుందని అనిపించింది కానీ అది తోచలేదు. "కింద చూసి నడువమ్మా" అని మాత్రం అన్నాడు.

జవాబు తోచని మాటలు ఆయనకి ఇంట్లోనూ ఉన్నాయి.

ఇంట్లో ఉండేది ఇద్దరే, తనూ అక్కా. అక్క ఆయనకంటే పదేళ్ళు పెద్దది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. బట్టల కార్ఖానాలో చొక్కాలకి కాజాలు కుట్టి చదివించింది. పెళ్ళయింది, భర్త పోయాడు, మళ్ళీ తమ్ముడి దగ్గరికే వచ్చింది. తమ్ముడికి పెళ్ళి ఊసు ఎత్తినప్పుడల్లా ఆయన "చూద్దాంలే అక్కా" అంటూ యాభై ఎనిమిదికి వచ్చేశాడు. అక్క నోరు మంచిది కాదని వీధిలో అంటారు. నిజమే, కానీ ఆ నోటితో తిట్టించుకోని ఇల్లంటూ ఉంటే, ఆ ఇంటివాళ్ళు తమమీద కోపమేమోనని వచ్చి కనుక్కుని వెళతారు.

నలభై రోజుల కిందట అక్క డాబా మీంచి ఆరిన బట్టలు తెస్తూ మెట్ల మీద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి మేకు వేశారు. కింద రొట్టెల దుకాణం అన్నదమ్ములిద్దరూ ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి రెండంతస్తులూ మోసి దింపారు, మోసి ఎక్కించారు, పైసా తీసుకోలేదు. వాళ్ళ చేతుల పిండి అక్క చీరకి అంటుకుంటే, "నా బతుక్కి ఏ మగాడి చేతులు చూసినా పిండే" అని ఆ నొప్పిలోనూ అంది.

ఎముక అతికింది. కానీ అక్క నడవలేదు. మంచం మీంచి కాళ్ళు కిందికి దించుతుంది, వాకరు పట్టుకుంటుంది, లేచి నిలబడుతుంది. ఆ తర్వాత గచ్చు వైపు చూస్తుంది. చూడగానే ముఖం పాలిపోయి మళ్ళీ కూలబడుతుంది.

"ఒక్కడుగు అక్కా."

"రేపు."

"నిన్న కూడా రేపే అన్నావు."

"అయితే ఇవాళ ఎల్లుండి అంటాలే, పో."

డాక్టరమ్మ ఎక్స్‌రే దీపానికి ఎత్తి చూసి ఖచ్చితంగా చెప్పేసింది. "ఎముక బాగుంది. ఇంకో పది రోజుల్లో అడుగు పడకపోతే మాత్రం కీలు బిగుసుకుపోతుంది మాస్టారూ. ఇక మంచమే. ఆ తర్వాత ఊపిరితిత్తులు. మీకు నేను చెప్పాలా? వచ్చే శుక్రవారం తీసుకురండి. ఈ గదిలోకి మాత్రం నడిచి రావాలి."

ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మంచానికే అతుక్కుపోయినవాళ్ళని ఆయన ఎందరిని చూశాడు! రోజూ పొద్దున దేవుడి పటం ముందు నిలబడి, "నాకు ఇంకేం వద్దు, మా అక్కకి నాలుగు అడుగులివ్వు" అని అడిగేవాడు. అడిగాక మంచం దగ్గరికి వచ్చి, "కింద చూసి, జాగ్రత్తగా, కింద చూసి" అని వందసార్లు చెప్పేవాడు. అక్క బుద్ధిగా కింద చూసేది. కూలబడేది.

సైకిలు పిల్ల వచ్చిన రోజు సాయంత్రం ఆయన మామూలుగా పాలు కాచి ఇస్తూ, ఆ పిల్ల సంగతి చెప్పాడు. ఎలుగుబంటి మీద చాడీ చెప్పినట్టే చెప్పాడు.

"అసలేమైందంటే అక్కా, నిన్న దాని నెత్తిన దూలం పడింది. తలకి దెబ్బ. స్పృహ ఉంది. కళ్ళ ముందు చుక్కలు తిరిగాయి. ఎవరూ ఎక్స్‌రే తీయించలేదు. ఇవాళ కుడిచెయ్యి తలుపు సందులో నలిగింది. వేళ్ళు ఐదూ బూరెల్లా ఉబ్బాయి. అది కనీసం మూడు వారాల కట్టు. రెండు క్షణాల్లో అదే చేత్తో మళ్ళీ తేనెకుండ పట్టుకుంది!"

అక్క పాలగ్లాసు పక్కన పెట్టింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని మాస్టారు గబుక్కున దగ్గరికి వెళ్ళాడు. వంగి చూస్తే నవ్వుతోంది. నలభై రోజుల్లో మొదటిసారి.

"ఏమైంది?"

"ఎక్స్‌రే తీయించలేదా?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"తీయించలేదు."

అక్క మళ్ళీ నవ్వింది. ఆయనకి ఇందులో నవ్వేదేమిటో బొత్తిగా అంతుపట్టలేదు. తను ఉన్నదున్నట్టు చెప్పాడు. అయినా అక్క నవ్వింది కదా, అది చాలనుకున్నాడు.

మర్నాటి నుంచి అదో పనైపోయింది. ఆయన గడప దాటి లోపలికి రాగానే, "ఇవాళ దానికేమైందిరా?" అని అడిగేది. జవాబు చెప్పాలంటే చూడాలి. చూసి గుర్తుపెట్టుకోవాలి. అందుకని రోగుల చీటీల వెనక చిన్న అక్షరాలతో రాసుకోవడం మొదలుపెట్టాడు. "పన్నెండు గంటలు. వెదురుబొంగు తగిలింది. ముక్కు లోపలికి పోయింది. తోక పట్టి లాగితే బయటికొచ్చింది."

ఆయా చూసి డాక్టరమ్మకి చెప్పింది, "మన మాస్టారు ఎలుగుబంటికి కేసుషీటు రాస్తున్నారమ్మా!"

"అడ్మిట్ చేశారా?" అని డాక్టరమ్మ అడిగింది. ఆవిడా ఆటపట్టిస్తోందని ఆయనకి కాసేపటికి గానీ తెలియలేదు.

రోజూ అక్క నవ్వుతోంది. కానీ అడుగు పడలేదు. శుక్రవారానికి రెండు రోజులే ఉంది.

బుధవారం సాయంత్రం ఆయన గాలిలో పరుగు సంగతి చెప్పాడు. ఇన్నాళ్ళూ కావాలనే చెప్పలేదు. పడిపోయిన మనిషి ముందు అంత ఎత్తునుంచి పడడం గురించి ఏం చెబుతామని ఆగాడు. ఆ రోజు చీటీలో ఇంకేం మిగల్లేదు.

"బల్లచెక్క అయిపోయింది. అయినా పరిగెడుతూనే ఉంది."

"దేని మీద?"

"దేని మీదా కాదు. గాలి మీద. పడాలి కదా? పడదు. తీరిగ్గా నిలబడి పొట్ట కూడా గోక్కుంటుంది. అప్పుడు కిందకి చూస్తుంది. చూడగానే, ధబ్."

అక్క ముఖంలో నవ్వు లేదు. "అంటే, చూసేదాకా పడలేదా?"

"పడలేదు."

"ఎందుకు?"

"అదే నాకూ తెలీదక్కా. వారం రోజులుగా చూస్తున్నాను. చెక్క అయిపోయిన చోటే పడాలి. న్యాయంగా అయితే అంతే."

"ఎలా చూస్తుంది? చేసి చూపించు."

"నేనా?"

"ఇంకెవరున్నారిక్కడ, ఉడుతా?"

మాస్టారు వంటగదిలోంచి పీట తెచ్చి గది మధ్యలో వేశాడు. జానెడెత్తు కూడా లేదది. పంచె పైకి దోపుకుని ఎక్కాడు. ఎక్కి, అలవాటు ప్రకారం ముందు నేల చూసుకుని, కుడికాలు జాగ్రత్తగా కింద పెట్టి, తర్వాత ఎడంకాలు పెట్టి, "ధబ్" అన్నాడు.

అక్క విసుక్కుంది. "ఇదేం పడడంరా? మెట్టు దిగినట్టుంది. ముందే చూసేశావేం?"

"చూడకపోతే పడతాను కదక్కా!"

"పడాలిరా మొద్దూ! పడడమేగా కథ! మళ్ళీ ఎక్కు."

మళ్ళీ ఎక్కాడు. ఈసారి చూడకూడదని గట్టిగా అనుకున్నాడు. కాలు గాలిలోకి చాచాడు. చాచగానే మెడ దానంతటదే కిందికి వంగింది. ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు. మూడోసారీ అంతే అయింది. నాలుగోసారి కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు మూసుకుంటే ఏం లాభం? అది కళ్ళు తెరిచే ఉంటుందన్నావుగా? దానికి చెక్క లేదని తెలీదు. అదీ సంగతి. మెడ నిటారుగా పెట్టి, ఏమీ తెలీనట్టు, తేనెకుండ వైపే చూస్తూ పోవాలి. నీకు నలభైసార్లు చూసినా రాదు, నేను చూడకుండానే చెప్పగలను. ఇటు రా, చెయ్యి ఇవ్వు."

ఆయన పీట మీంచే చెయ్యి చాచాడు. అక్క ఆ చెయ్యి పట్టుకుని లేచింది. ఎదుటి కిటికీ వైపు చూసింది. కిటికీ అవతల ఎవరిదో డాబా మీద ఎర్ర దుప్పటి ఆరేసి ఉంది.

"అదిగో, ఆ దుప్పటి తేనెకుండ అనుకో. ఇలా," అంటూ చెయ్యి వదిలేసి ఒక అడుగు వేసింది. "ఇలా వెళుతుంది." రెండో అడుగు. కాలు కొంచెం ఈడ్చింది కానీ మెడ వంగలేదు. "పొట్ట గోక్కుంటుందన్నావు," అని పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మూడో అడుగు వేసింది.

వాకరు మంచం దగ్గరే ఉండిపోయింది. గచ్చు మీద అక్క పాదాలు ఒట్టివి, ముడతలుపడి, ఎవరివో అన్నట్టు కదులుతున్నాయి. "కింద చూ" అని నోటిదాకా వచ్చేసింది. వచ్చిన మాటని పళ్ళ మధ్య పట్టుకున్నాడు. చెబితే చూస్తుంది. చూస్తే పడుతుందా? ఎలుగుబంటి మాటని నమ్మడమేమిటి? నమ్మకపోతే ఈ ఐదో అడుగేమిటి?

ఆరో అడుగుకి అక్క కిటికీ ఊచ అందుకుంది. ఊచ చల్లగా తగలడంతో ఎక్కడికి వచ్చిందో తెలిసినట్టుంది. మెల్లగా మెడ వంచి కిందకి చూసింది.

పీట మీద మాస్టారు గట్టిగా కళ్ళు మూసేసుకున్నాడు.

చప్పుడేమీ వినిపించలేదు.

"ఒరే."

"అక్కా."

"కిందకి చూశానురా."

"చూశావా?"

"చూశాను. పడలేదేం?"

ఆయన కళ్ళు తెరిచాడు. అక్క రెండు చేతులతో ఊచ పట్టుకుని, తన పాదాల వైపే వింతగా చూసుకుంటోంది.

"ఏమోనక్కా" అన్నాడు.

గురువారం పొద్దున అక్క మళ్ళీ నడిచింది, వాకరుతో, దుప్పటి లేకపోయినా ఆ డాబా వైపే చూస్తూ. ఎదురింటావిడకి సంగతి ఎలా తెలిసిందో గానీ, మధ్యాహ్నానికి ఎండ లేకపోయినా ఆ ఎర్ర దుప్పటి మళ్ళీ తెచ్చి ఆరేసింది. ఇలాంటి మనుషులుంటారు, మన పక్కనే.

ఆ రోజు ఆసుపత్రిలో కాలు కట్టుతో వెళుతున్న ఒక ముసలాయన్ని మాస్టారు గుమ్మందాకా సాగనంపాడు. నోరు తెరిచి, "కింద..." అని ఆగాడు.

"ఏంటి మాస్టారూ?"

"కింద చూసి... అంటే, ఎదర చూసి. కింద కూడా అప్పుడప్పుడూ... ఏమోనండీ. క్షేమంగా వెళ్ళిరండి."

ముసలాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళాడు.

శుక్రవారం రొట్టెల దుకాణం అన్నదమ్ములు అక్కని కుర్చీలో కిందికి దించారు. ఆసుపత్రి గుమ్మం దగ్గర మాత్రం అక్క కుర్చీ వద్దంది. వాకరు పట్టుకుని, మెడ నిటారుగా, ఎక్కడో తేనెకుండ ఉన్నట్టు నడుస్తూ డాక్టరమ్మ బల్లదాకా వెళ్ళింది. డాక్టరమ్మ లేచి నిలబడింది. ఆయా చప్పట్లు కొట్టింది. "చూశారా, కింద చూడకుండా ఎంత చక్కగా నడుస్తున్నారో! నేను అందరికీ చెప్పేది అదేగా, పాదాల వైపు చూస్తే తడబడతారని" అంది డాక్టరమ్మ. ఆ మాట ఆవిడ ఇన్నేళ్ళుగా పక్క గదిలోనే చెబుతోందని మాస్టారికి అప్పుడే తెలిసింది. ఆ గదిలో ఆవిడ చెప్పి పంపినవాళ్ళకి తన గుమ్మం దగ్గర తానేం చెప్పి పంపాడో తలుచుకుని ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇక ఆ ఎలుగుబంటేదో చూపించు" అంది అక్క.

తెల్లచేతుల తలుపు తోసి, స్టూలు వేసి కూర్చోబెట్టాడు. కట్టు విప్పించుకోవడానికి వచ్చిన పిల్లలు ఇద్దరున్నారు. ఎలుగుబంటి బల్లచెక్క దాటింది. గాల్లో నిలబడింది. పొట్ట గోక్కుంది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. మాస్టారు తెర చూడలేదు, అక్క ముఖమే చూశాడు. ఎలుగుబంటి కిందకి చూసింది. పడింది. పిల్లలు విరగబడి నవ్వారు. ఆయా నవ్వింది.

అక్క నవ్వలేదు. తల ఒక పక్కకి వంచి ఇంకో రెండు దెబ్బలు చూసింది.

"ఇదేనా?" అంది.

"ఇదే."

"నువ్వు చెప్పిందే బాగుందిరా. దీంట్లో ఏముంది, ఊరికే పడుతోంది, లేస్తోంది."

"నేనూ అదేగా చెప్పాను?"

"అబ్బే, కాదు. నీదాంట్లో ఎక్స్‌రే ఉంది."

మాస్టారు అక్క వైపు చూశాడు, తెర వైపు చూశాడు. తెర మీద ఎలుగుబంటి మళ్ళీ లేచి దుమ్ము దులుపుకుంటోంది. ఆయన అలవాటుగా జేబులోంచి చీటీ తీసి, దాని వెనక, "వెన్నెముక. నడుము దగ్గర" అని రాయబోయి, అక్కడ నవ్వేదేముందో ఇంకోసారి వెతికాడు. దొరకలేదు. అయినా రాశాడు. సాయంత్రం అక్క అడుగుతుంది.